గుట్ట మీది ఉత్తరాల పెట్టె

డిచ్‌పల్లి రామాలయం గుట్ట మెట్లెక్కి పైకి చేరినవారు ముందు ఏదో ఒక రాతి మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటారు. మన వయసువారైతే కొంచెం ఎక్కువసేపే. ఆ తరువాతే దర్శనమూ, శిల్పాలూ. కష్టపడి ఎక్కాము కనుక, వచ్చినట్లు ఎవరికైనా తెలిస్తే బాగుండుననిపిస్తుంది. మన పాత కోటల మీద, గుడి గోడల మీద బొగ్గుతోనో మేకుతోనో రాసిన పేర్లన్నీ ఆ కోరికలోంచి పుట్టినవే. పింఛను కోసం ఏటా బతికే ఉన్నామని సంతకం పెట్టి వస్తామే, ఇదీ దాదాపు అలాంటిదే!

ఈ కోరికకు గోడ కాక వేరే దారి చూపించినవాడు ఇంగ్లాండులోని జేమ్స్ పెరట్. డెవన్ ప్రాంతంలో డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడునేల ఉంది. అక్కడి గుట్టలు కూడా మనవాటిలాగే గ్రానైటు రాళ్ళవే. కానీ కింద అంతా చిత్తడి, పైన పొగమంచు. చాగ్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఉంటూ యాత్రికులకు దారి చూపడం పెరట్ వృత్తి. 1854లో అతడు క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వచ్చినవారు తమ పేరున్న కార్డు అందులో వేసి వెళ్ళాలి. పేరుకు కొలనే గాని, ఇప్పుడక్కడ ఉన్నది నీరు నిలవని గుంట.

అసలు ముచ్చట ఆ తరువాత మొదలైంది. వచ్చినవారు తమ చిరునామాయో, మిత్రుల చిరునామాయో రాసి, స్టాంపు అంటించిన కార్డు అక్కడ వదిలి వెళ్ళేవారు. తరువాత వచ్చినవాడు దానిని తీసుకుని కిందికి దిగి, తపాలా పెట్టెలో వెయ్యాలి. ఆ తరువాతి మనిషి రేపు వస్తాడో, నెలకు వస్తాడో తెలియదు. కార్డు ఇంటికి చేరినరోజున మాత్రం మరొకడు అక్కడికి ఎక్కాడని తెలిసేది.

మనలో తపాలా శాఖలో పనిచేసినవారికి ఇది నవ్వులాటగా తోచవచ్చు. టపా అంటే మనకు సర్కారు బాధ్యత. నిజాం సర్కారు 1869లో సొంత స్టాంపు వేసింది; 1950లో ఆ శాఖ భారత తపాలాలో కలిసింది. అడవి దారిన గజ్జెల బల్లెంతో పరుగెత్తిన హర్కారాకు జీతం ఉండేది, ఆలస్యమైతే జవాబు చెప్పుకోవాల్సి ఉండేది. క్రాన్‌మియర్ టపాకు జీతమూ లేదు, జవాబుదారీ లేదు. అయినా మనకు ఇది పూర్తిగా కొత్తది కాదు. ఆ ఊరు వెళ్ళేవారెవరైనా కనబడితే ఉత్తరం చేతికిచ్చి పంపడం పల్లెల్లో మనమూ చేశాం. తేడా ఒక్కటే. మనం ఇచ్చింది తెలిసిన మనిషికి, వారు విడిచిపెట్టింది ముఖం చూడని మనిషికి.

1905లో అక్కడ సందర్శకుల పుస్తకం పెట్టారు. 1937లో రాతి పెట్టె కట్టారు. 1938లో డార్ట్‌మూర్ మీద పుస్తకాలు రాసిన విలియం క్రాసింగ్ జ్ఞాపకార్థం డక్స్ పూల్ దగ్గర మరొకటి వెలిసింది. క్రమంగా కార్డుల స్థానంలో రబ్బరు ముద్రలు వచ్చాయి. నడిచేవాడు పెట్టెలోని ముద్ర తన నోటుబుక్కులో వేసుకుంటాడు, తన సొంత ముద్ర పెట్టెలోని పుస్తకంలో వేస్తాడు. ముద్రలు, స్టాంపుప్యాడు - ఆఫీసు జీవితమంతా వీటితోనే గడిపిన మనకు ఆ సరదా అర్థంకాకపోదు. 1998లో స్మిత్‌సోనియన్ పత్రికలో వ్యాసం వచ్చాక అమెరికాలోనూ ఇది పాకింది. అక్కడివారు అడవుల్లో నిటారు కాలిబాటల పక్కన, చెట్ల మొదళ్ళలో పెట్టెలు దాచసాగారు. 2000లో ఉపగ్రహం సాయంతో వెతికే ఆట కూడా మొదలైంది. అందులో ఎదురుచూపు తక్కువని నా అభిప్రాయం.

ఇంతలో డార్ట్‌మూర్‌లో పెట్టెలు వేలకు చేరాయి. వెతికేవారు రాళ్ళు పెకలించసాగారు. ఆ నేల మీద వేల ఏళ్ళనాటి రాతి వరుసలు, సమాధులు ఉన్నాయి. పేర్లు గోడకెక్కకుండా కాపాడిన పద్ధతే పురాతనమైన రాళ్ళకు ముప్పు తెచ్చే పరిస్థితి వచ్చింది. చివరికి నడిచేవారే నియమాలు పెట్టుకున్నారు: ప్రాచీన కట్టడాల్లో పెట్టె పెట్టకూడదు, సిమెంటు వాడకూడదు. ముద్ర వేసుకున్నాక పెట్టెను ఉన్నచోటనే ఉంచి, రాయి మునుపటిలాగే కప్పి దిగాలి.