గ్లాసు కింద బిళ్ళ నుంచి దుప్పటి దాకా

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్ళు వదిలిన తరువాత మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలకు కోస్తా జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చాయి. వరి సాగు గురించి, రైసు మిల్లుల గురించి చాలామంది రాశారు. ఆ ఇళ్ళ ఆడవారు పెట్టెల్లో పెట్టుకుని తెచ్చిన క్రోషియా సూది గురించి రాసినవారిని నేను చూడలేదు.

1970లలో సూర్యాపేటలో, మిర్యాలగూడలో ఉద్యోగుల ఇళ్ళకు వెళితే రేడియో మీద, టీపాయి మీద తెల్లని లేసు గుడ్డ కనబడేది. వంటిల్లు సర్దుకున్నాక అరుగుల మీద కూర్చుని ఒకరికొకరు నేర్పుకున్న విద్య అది. కొత్తగా వచ్చినామెకు ముందు మూరెడు గొలుసు అల్లమనేవారు. తరువాత గ్లాసు కింద వేసే గుండ్రటి బిళ్ళ. అసలు లెక్క అక్కడే తెలిసేది. మొదటి వరుసలో 12 పొడుగు కుట్లు, రెండో వరుసలో 24, మూడో వరుసలో 36. తగ్గితే బిళ్ళ గిన్నెలా పైకి లేస్తుంది, ఎక్కువైతే అంచు కుచ్చులు పడుతుంది. మా లెడ్జర్లలో తేడా వస్తే రాత్రి దాకా వెతికేవాళ్ళం. బిళ్ళలో తప్పు కంటికే కనబడుతుంది, దారం లాగితే వరుస ఊడివస్తుంది, అదే దారంతో మళ్ళీ అల్లుకోవచ్చు. ఉన్ని అల్లికలోనూ ఇదే పద్ధతి. చంటిపిల్ల మేజోడుకు మడమ తిప్పడం వచ్చినామెకు స్వెట్టరు మెడ పెద్ద కష్టం కాదు.

మన తెలుగునాట ఈ లేసు పనికి పుట్టిల్లు నరసాపురం. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో అక్కడ నేర్పారని చెబుతారు. అయితే చిన్న అల్లిక అక్కడ మరో దారి పట్టింది. విదేశాలకు ఎగుమతి పెరిగాక పని ముక్కలైంది. పువ్వులు అల్లేవారు కొందరు, వాటిని అతికేవారు ఇంకొందరు. రోజూ అదే పువ్వు అల్లిన స్త్రీకి దుప్పటి మొత్తం తన చేతిలో తయారయ్యే అవకాశమే రాలేదు. జర్మను సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఈ కార్మికుల మీద పుస్తకం ప్రచురించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా రూపాయి గిట్టేది కాదు, పైగా గృహిణి తీరిక పని అని పేరు! 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి మాటో?

మన అరుగుల మీద కూలి లేదు, కంట్రాక్టరూ లేడు. బిళ్ళతో మొదలుపెట్టినామె బిళ్ళలల్లి, వాటిని తానే అతికి, నాలుగైదేళ్ళకు కూతురి పెళ్ళికి మంచం దుప్పటి పూర్తిచేసేది. నమూనాలు కాగితం మీద ఉండేవి కావు, అల్లిన ముక్కలే ఒకరి నుంచి ఒకరికి చేతులు మారేవి.

ఆ నమూనా ముక్కలు మన సభ్యుల ఇళ్ళలో పాత ట్రంకు పెట్టెల అడుగున ఇంకా ఉండి ఉండాలి. కోదాడ, మిర్యాలగూడ మిత్రులు ఇంట్లో అడిగి, ఉంటే వచ్చే నెల సమావేశానికి తేగలరు. వీలైతే అల్లినవారిని కూడా వెంట తీసుకురండి.