స్వచ్ఛంద సంపాదకులు, వారి చిక్కులు : తెలుగు విజ్ఞానసర్వస్వ చరిత్రలో నొక భాగము

తెలుగున విజ్ఞానసర్వస్వ రచనా చరిత్ర కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారితో మొదలగుచున్నది. 1906వ సంవత్సరమున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి ద్వారా తెలుగు పాఠకులకు చరిత్ర గ్రంథములను, శాస్త్ర గ్రంథములను సమకూర్చిన యా మహనీయులు తరువాతి దశాబ్దమున ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. సంపుటములు మూడు వెలువడినవి. మూడును అకారముతో మొదలగు శబ్దములతోనే నిండిపోయినవి. 1923లో లక్ష్మణరావుగారు కీర్తిశేషులైరి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు మఱల నా పనిని చేపట్టిరి గాని యది తుదిముట్టలేదు. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి అకారాది క్రమమును విడిచి, విషయమున కొక సంపుటము చొప్పున ప్రకటించు పద్ధతి నవలంబించెను. హైదరాబాదున సంగ్రహాంధ్ర విజ్ఞానకోశము వెలువడెను. ఈ ప్రయత్నము లన్నిటికిని సంపాదకవర్గము, వ్యాసకర్తల పట్టిక, ముద్రణాలయము, ద్రవ్యసహాయము చేయు దాతలో ప్రభుత్వమో ఉండుట మన మెఱిగినదే. సంపాదకునకు సందేహము తోచినచో ఆ విషయము తెలిసిన పండితునకు జాబు వ్రాయును. అచ్చుతప్పు దొరలినచో చిత్తుప్రతిలో దిద్దును.

2003 డిసెంబరు 10వ తేదీన ప్రారంభమైన తెలుగు వికీపీడియాకు ఇట్టి సామగ్రి యేదియు లేదు. జీతము లేదు, వ్రాయువాని యర్హతను నిర్ణయించు పరీక్ష లేదు. వ్రాయువారిలో ఒకరు హైదరాబాదున, ఒకరు అమెరికాలో, మఱొకరు గోదావరి తీరమున నొక పల్లెలో ఉందురు. పెక్కుమంది యొండొరుల ముఖము నెఱుగరు. ఇట్టిచోట క్రొత్తగా చేరినవానికి చిక్కు వచ్చినచో నెవరి నడుగవలెను? చెప్పువా డెవడు? ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచవచ్చును. కాని లక్ష్మణరావుగారి సర్వస్వము ఒక మనుష్యుని ఆయుర్దాయముతో ముడివడి యాగిపోయినట్లే, ఈ సర్వస్వము క్రొత్తవాని తొలి ప్రశ్నకు బదులు రాకపోవుటచే నాగిపోవచ్చును. కావున నీ చిక్కుల చరిత్రను, వానిని తీర్చుటకై జరిగిన యత్నములను కొంత విచారింతము.

జీతము లేని పాఠకుల తోడ్పాటుతో మహాగ్రంథమును కూర్చుట క్రొత్త సంగతి కాదు. 1857లో లండను ఫిలలాజికల్ సొసైటీ సంకల్పించిన ఆంగ్ల నిఘంటువు, తరువాత ఆక్స్‌ఫర్డు నిఘంటువుగా ప్రసిద్ధి కెక్కినది, ఇట్టిదే. 1879లో సంపాదకత్వమును స్వీకరించిన జేమ్స్ ముర్రే ఆంగ్లము చదువు ప్రజలందఱకును ఒక విజ్ఞప్తిని ప్రకటించెను: పుస్తకములు చదివి, ప్రయోగములను చీటీలపై నెత్తి వ్రాసి పంపుడని. చీటీ యెట్లుండవలెనో కూడ నియమించెను. ఎడమ మూల పదము, పిదప తేదీ, గ్రంథకర్త, గ్రంథము, పుటసంఖ్య, అటుపైని ప్రయోగవాక్యము. లక్షల కొలది చీటీలు తన తోటలో వేసిన యినుపరేకుల పాకను చేరినవి. అయితే చిక్కులును చేరినవి. చదువరులు వింత పదములను వెదకి వెదకి పంపిరి. వాడుక పదములను చూచియు విడిచిరి. 'అబ్యూజన్' అను అరుదైన పదమునకు సుమారు ఏబది ప్రయోగములు రాగా, నిత్యవ్యవహారమునందలి 'అబ్యూజ్' అను పదమునకు అయిదైనను దొరకలేదని ముర్రేయే చెప్పుకొనెను. ఒక యక్షరపు చీటీలు ఇటలీ దేశమున దొరకినవి. మఱికొన్ని ఐర్లండులో నొక గుఱ్ఱపుశాలలో బయటపడినవి. ముర్రే 1915లో మరణించెను. నిఘంటువు 1928లో ముగిసెను. సంపాదకుడు పోయినను పని నిలువకుండుటకు నియమబద్ధమైన చీటీలే యొక ప్రధాన కారణమని మా యభిప్రాయము. తేదీ, కర్త, గ్రంథము, పుట యనునవి చీటీమీద నుండుటచే ఒకని పనిని మఱొకడు పరీక్షింపగలిగెను. నేడు వికీపీడియాలో 'మూలము'న కడుగు వివరములు సరిగా నివియే.

వికీపీడియా పుట్టుక వేఱొక విధమైన పాఠమును చెప్పుచున్నది. 2000 మార్చిలో జిమ్మీ వేల్స్ స్థాపకుడుగా, లారీ సాంగర్ ప్రధాన సంపాదకుడుగా న్యూపీడియా యను అంతర్జాల విజ్ఞానసర్వస్వ మారంభమయ్యెను. అందు ప్రతి వ్యాసమును ఏడు మెట్ల పరిశీలన దాటవలెను. ఫలితముగా ప్రకటితమైన వ్యాసములు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. అంతకు పూర్వము 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను ప్రోగ్రామరు, ఎవరైనను పుటను దిద్దుటకు వీలైన యొక సాధనమును కల్పించి, హొనలూలూ విమానాశ్రయపు బస్సు పేరును బట్టి దానికి వికీ యని పేరిడెను. హవాయీ భాషలో 'వికీ' యనగా త్వరితము. ఈ సాధనముతో 2001 జనవరి 15న వికీపీడియా మొదలయ్యెను. న్యూపీడియాలో ముందు పరీక్ష, పిదప ప్రకటన. వికీపీడియాలో ముందు ప్రకటన, పిదప పరీక్ష. ఈ తాఱుమాఱు వలననే యీ మహోద్యమము సాధ్యమయ్యెను. దీని వలననే క్రొత్తవాని తప్పు నలుగురి యెదుట పడుటయు సంభవించెను. చిత్తుప్రతిలో రహస్యముగా దిద్దుకొను మర్యాద యిచట లేదు.

తెలుగువారికి తొలి చిక్కు జ్ఞానము గుఱించినది కాదు, అక్షరము గుఱించినది. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పుననే తెలుగు లిపికి స్థానము లభించినను, ఆ తరువాత పెక్కు సంవత్సరములు తెలుగు పత్రికలు తమ తమ ప్రత్యేకమైన అక్షరరూపములనే వాడినవి. ఒక పత్రిక పాఠము మఱొక కంప్యూటరులో అర్థము లేని గుఱుతుల రాశిగా కనబడెడిది. ప్రాత యంత్రములందు యూనికోడ్ తెలుగు వరుసగా డబ్బాలవలె తోచెడిది. ఈ స్థితిలో వెన్న నాగార్జునగారు చేసిన సేవ స్మరింపదగినది. ఆయన నిర్మించిన 'పద్మ' యను సాధనము భిన్నభిన్న అక్షరరూపములలోని పాఠమును యూనికోడ్‌లోనికి మార్చెను. తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారును ఆయనయే.

ఆంగ్లపు మీటలతో తెలుగు వ్రాయుటకు ఆర్.టి.ఎస్. అను లిప్యంతరీకరణ పద్ధతి యుండెను. ఇందు చిన్నబడి 'డి' దకారమునకు, పెద్దబడి 'డి' డకారమునకు గుఱుతు. ఈ భేదము నెఱుగని క్రొత్తవాడు రాముడని వ్రాయబోయి రాముదని వ్రాయును. లకార ళకారములకును, నకార ణకారములకును ఇదే గతి. అట్టి వ్యాసమును చూచి 'తెలుగు రానివాడు వ్రాసినా'డని త్రోసివేయుట సులభము. తెలుగు వచ్చును, మీట రాదు అని గ్రహించి, దిద్దిపెట్టి, పద్ధతిని వాని చర్చాపుటలో వ్రాసిపోయిన ప్రాత సభ్యుల యోర్పు వలన తెలుగు వికీపీడియా నిలిచినది. తరువాత 'లేఖిని' వంటి సాధనములును, చేతిఫోనులలో తెలుగు మీటల పలకలును వచ్చుటచే నీ చిక్కు చాలవఱకు తీఱెను.

వ్యాసముల పేళ్ల చిక్కు మాత్రము నేటికిని కలదు. 'రాజ్‌కుమార్' అని విడదీసి వ్రాసిన పేరును, 'రాజ్కుమార్' అని కలిపి వ్రాసిన పేరును యంత్రమునకు రెండు వేఱు పేళ్లు. మొదటి దానిలో కంటికి కనబడని విభాజక మొకటి యుండును. ఒకే వ్యక్తికి ఇంటిపేరు ముందుగా నొక వ్యాసము, ఇంటిపేరు లేక మఱొక వ్యాసము, శకటరేఫతో నొకటి, సాధురేఫతో నొకటి పుట్టవచ్చును. దీనికి పరిష్కారము 'దారిమార్పు'. ఒక పేరుతో వెదకినవానిని రెండవ పేరున నున్న వ్యాసమునకు చేర్చు చిన్న పుట యది. ఎవరి వర్ణక్రమము సరియైనదని వాదించుకొనుటకంటె అన్ని వర్ణక్రమములకును దారి కల్పించుట మేలని సభ్యులు గ్రహించిరి. తెలుగు వర్ణక్రమ వివాదముల చరిత్ర నెఱిగినవారి కిది యెంత గొప్ప రాజీయో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఒకే పుటను ఇరువురు ఏకకాలమున తెఱచి దిద్దినచో నేర్పడు 'దిద్దుబాటు ఘర్షణ', చర్చలో సంతకము చేయుటకు నాలుగు టిల్డెలు పెట్టుట మఱచుట మొదలగునవి స్వల్పములు. ఒకమాఱు చెప్పిన చాలును.

అన్నిటికంటె పెద్ద చిక్కు మూలములది. 2005లో ఆంగ్ల వికీపీడియాయందు జాన్ సైగెంథాలర్ అను అమెరికా పత్రికా రచయితను కెనడీ హత్యతో ముడిపెట్టు నసత్యము నాలుగు నెలలకు పైగా దిద్దువాడు లేక నిలిచియుండెను. ఆ సంఘటన పిమ్మట ఆ సంవత్సరము డిసెంబరులో ఖాతా లేనివారు క్రొత్త వ్యాసములను ప్రారంభింపరాదని ఆంగ్ల వికీపీడియా నియమించెను; మూలముల విషయమున కట్టుబాట్లు బిగిసినవి. బిగింపునకు మూల్యమును చెల్లింపవలసివచ్చెను. 2007 తరువాత ఆంగ్ల వికీపీడియాలో చుఱుకైన సభ్యుల సంఖ్య తగ్గుటయు, మంచి యుద్దేశముతో వచ్చిన క్రొత్తవారి దిద్దుబాట్లు తఱచు రద్దగుట యందుకొక కారణమగుటయు పరిశోధకులు చూపిరి. దీనికి ప్రతిక్రియగా 2012లో 'టీహౌస్' అను పేర, క్రొత్తవా రెట్టి ప్రశ్ననైనను సంకోచము లేక యడుగుటకు, మర్యాదగా సమాధానము పొందుటకు ఒక చావడి వెలసెను.

మన చావడి యంతకు ముందే యుండెను. ఆంగ్లేయులు తమ చర్చాస్థలమునకు ఊరి నీటిపంపు పేరు పెట్టుకొనగా, తెలుగువారు 'రచ్చబండ' యనిరి. పేరు పెట్టినవారి యౌచిత్యము మెచ్చదగినది. రచ్చబండకడ తీర్పరి లేడు. చెప్పువారు చెప్పుదురు, వినువారు విందురు, నలుగురికి సమ్మతమైనది నిలుచును. దీనికి తోడు 'సహాయ కేంద్ర'మొకటి కలదు. తన చర్చాపుటలోనే 'సహాయం కావాలి' యను మూసను పెట్టి పిలుచు వీలును కలదు. అయితే సహాయపుటలు కొన్ని ఆంగ్లమునుండి మాటకు మాటగా దిగుమతి యగుటచే, సహాయమునకై వచ్చినవానికి సహాయపుటయే మఱొక చిక్కగుచున్నది. 2009 - 2011 మధ్య గూగుల్ సంస్థ యంత్రసహాయముతో చేయించిన యనువాద వ్యాసములందును ఈ దోషమే మిక్కిలిగా నుండెను. 'అతడు పుస్తకము వ్రాసెను' అనవలసినచోట 'పుస్తకము అతనిచేత వ్రాయబడినది' అనుట తెలుగు కాదు. అట్టి వ్యాసమును దిద్దుటకంటె క్రొత్తగా వ్రాయుట తేలిక యని పలువురు సభ్యులు విసిగిరి.

మూలముల నియమము తెలుగు పల్లెలపై మఱింత భారముగా పడినది. తెలుగు వికీపీడియాలో గ్రామమున కొక వ్యాసము చొప్పున వేలకొలది 'మొలకలు' లేచినవి. తరువాత 2011 జనగణన వివరములతో నవి పెరిగినవి. జనసంఖ్య యెంత, చెఱువు కింద సాగెంత యను లెక్కలు అందున్నవి. చెఱువు త్రవ్వించిన దెవరో లేదు. ఆ యూరివా డొకడు వచ్చి, తాతముత్తాతలు చెప్పిన కథను వ్రాసెననుకొందము. మూలము లేదని యెవరో తొలగింతురు. తన యూరి సంగతి తనకే తెలియదనిరని యతడు నొచ్చుకొని మఱల రాడు. ఇరువురును తమ తమ మేరకు సరియే.

ఇచట చరిత్ర విద్యార్థికి ఒక విచిత్రము తోచును. కల్నల్ మెకంజీ పక్షమున కావలి సోదరులు మొదలగువారు సేకరించిన కైఫీయతులలో పెక్కు, ఊళ్ల కరణములు చెప్పిన సంగతులే. నాడు కరణము చెప్పినది కాగితముపై నెక్కుటచే నేడు మూలమైనది. నేడు మనుమడు చెప్పునది కాగితము లేమిచే మూలము కాలేదు. నియమమును సడలింపుమని మేము చెప్పుట లేదు. సడలించినచో ప్రతి కులమువారును తమ పూర్వులకు రాజ్యములు కట్టబెట్టుదురు; కైఫీయతులలోనే అట్టివి కొల్లలు. కాని తొలగించి యూరకుండుట సహాయము కాదు. నేర్పరియైన ప్రాత సభ్యుడు అట్టివానికి దారి చూపును: మీ తాలూకా కైఫీయతు చూడుడు, జిల్లా మాన్యువలు చూడుడు, శాసన సంపుటములలో మీ యూరి పేరు వెదకుడు, 1830 - 31 లలో చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్రాచరిత్రలో మీ మజిలీ యున్నదేమో చూడుడు అని. ఇట్టి గ్రంథములు పెక్కు నేడు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. దొరకినది పుటసంఖ్యతో వ్రాసి, దొరకనిదానిని చర్చాపుటలో నుంచవచ్చును.

పత్రికలనుండి యథాతథముగా నెత్తివ్రాయుట మఱొక సామాన్య దోషము. భారత ప్రతిలేఖ్యాధికార చట్టము ప్రకారము గ్రంథకర్త జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును హక్కు నిలుచును. లక్ష్మణరావుగారి రచనలను నేడు స్వేచ్ఛగా వాడవచ్చును. నిన్నటి పత్రికా వ్యాసమును వాడరాదు. సంగతి యందఱిది, వాక్యము వ్రాసినవానిది అని యొక్క మాటలో చెప్పిన క్రొత్తవా డర్థము చేసికొనును. చట్టపు పుటను ముఖమున కొట్టిన చేసికొనడు.

ఇక దేశకాలములు మాఱుటచే వచ్చు చిక్కు. పాలంపేటలోని రామప్ప దేవాలయమునే చూడుడు. 2014 జూన్ 2కు ముందది ఆంధ్రప్రదేశ్‌లోని వరంగల్లు జిల్లాయందు, పిదప తెలంగాణలోని వరంగల్లు జిల్లాయందు, 2016 అక్టోబరునుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాయందు, 2019 ఫిబ్రవరినుండి ములుగు జిల్లాయందు ఉన్నది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలోనికి ఎక్కెను. అయిదేండ్లలో ఒక యాలయపు చిరునామా ముమ్మాఱు మాఱినది. కదలినది రాయి కాదు, ఎల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 కాగా అచటి గ్రామ వ్యాసములకు నిదే యవస్థ పట్టెను. ప్రాత గ్రంథమున వరంగల్లని చూచినవాడు వ్యాసములో ములుగని చూచి, తప్పనుకొని 'దిద్దు'ను. మఱొకడు దానిని రద్దుచేయును. వారిరువురి నడుమ రచ్చబండకడ తేలిన యుపాయము సామాన్యమైనదే. నేటి జిల్లాను ముందు వ్రాసి, ప్రాత జిల్లాను ఏ తేదీవఱకో తెలిపి, రెంటికిని మూలము నిచ్చుట.