టీకా నడచిన దారి

ఒక వస్తువును కనుగొనుట ఒక ఎత్తు. దానిని చెడకుండ, వేళకు, కావలసినవారి చేతికి అందించుట మరియొక ఎత్తు. ఈ రెండవ పనినే వర్తకులు సరఫరా గొలుసు అనుచున్నారు. దానిని నడుపు విధానమును నేడు కళాశాలలలో ఒక శాస్త్రముగా బోధించుచున్నారు. దాని విలువను తెలిసికొనుటకు మశూచికపు టీకా చరిత్ర మంచి పాఠము.

1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచికపు పొక్కులోని రసముతో మశూచికమును అరికట్టవచ్చునని చూపినాడు. మన పల్లెలలో "అమ్మవారు" అని పిలిచిన వ్యాధి ఇదే. కాని ఆ మందు ఇంత దూరము వచ్చుటెట్లు? దారమునకు పట్టించి గాని, గాజుపలకల నడుమ ఆరబెట్టి గాని పంపిన రసము ప్రయాణపు వేడికి తరచు నిర్వీర్యమయ్యెడిది.

అందుచే మనుష్యులే ఆ గొలుసులో లంకెలైనారు. ఒకరి చేతికి టీకా వేసి, పొక్కు పక్వమైనప్పుడు ఆ రసమును తీసి మరియొకరికి వేసెడివారు. వియన్నా నుండి బాగ్దాదు, బస్రాల మీదుగా వచ్చిన టీకాను 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల పాపకు వేయగా అది పట్టినది. ఆమె చేతి నుండి తీసిన రసమే చేతులు మారుచు పూనా, సూరతు, హైదరాబాదు, మద్రాసులకు చేరినది.

1803లో స్పెయిను నుండి అమెరికా ఖండమునకు బయలుదేరిన బాల్మిస్ ఓడలో 22 మంది అనాథ బాలురుండిరి. సుమారు పది దినములకొకసారి ఇద్దరేసి బాలురకు టీకా వేయుచు దానిని సముద్రము దాటించినారు. ఒక్క లంకె తెగినచో గొలుసంతయు వ్యర్థమే. పైగా రసముతోబాటు ఇతర రోగములును ఒకరి నుండి ఒకరికి సోకెడివి. పసివారి శరీరములను సరకుపెట్టెలుగా వాడుకొనుట మరింత బాధాకరము.

ఈ చిక్కును విప్పినవాడు ఇంగ్లండులోని లిస్టర్ సంస్థకు చెందిన లెస్లీ కోలియర్. టీకాను గడ్డకట్టించి, అందలి నీటిని శూన్యములో ఆవిరిగా తొలగించి, పొడి చేయు పద్ధతిని ఆయన 1950ల తొలి సంవత్సరములలో మెరుగుపరచినాడు. ఆ పొడి 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలోను నెలల తరబడి నిలిచినది. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కార్యక్రమమును ముమ్మరము చేసినప్పుడు, మంచుపెట్టె లేని పల్లెకు కూడ టీకా చేరగలిగినది. 1980 మే 8న మశూచికము భూమిమీద నిర్మూలమైనదని ప్రకటించినారు.

నేటి టీకాలలో అధికభాగమును 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచవలెను. కర్మాగారము మొదలు గ్రామ ఆరోగ్య కేంద్రము వరకు ఎచ్చట వేడి సోకినను, తల్లి నమ్మి ఎత్తుకొని వచ్చిన బిడ్డకు దక్కునది సూదిపోటు మాత్రమే, రక్షణ దక్కదు. ఉపాధ్యాయులు జెన్నర్ పాఠము చెప్పునపుడు, ఆ మందు మన దేశమునకు వచ్చిన దారిని కూడ విద్యార్థులచే పటము మీద గీయించిన మేలు.