చారు

చారు చింతపండు పులుసును పలుచగా కాచి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, చివర పోపు పెట్టే వంటకం. అన్నంలో కలుపుకుని తింటారు, గ్లాసులో పోసుకుని తాగుతారు కూడా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇది నిత్య వంటకం. తమిళనాడులో రసం, కర్ణాటకలో సారు దీనికి దగ్గరి చుట్టాలు. ఒంట్లో నలతగా ఉన్నప్పుడు, ప్రయాణం చేసి అలిసి ఇల్లు చేరినప్పుడు, వరస పెళ్లిభోజనాలతో నోరు మొహం మొత్తినప్పుడు తెలుగువారు మొదట అడిగేది చారన్నమే. కావలసిన దినుసులన్నీ పోపుల డబ్బాలో ఉండేవే. రుచి మాత్రం దినుసుల కంటే, వాటిని ఏ వేళకు వేశారు, గిన్నెను ఎప్పుడు దింపారు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

భోజనంలో స్థానం

కోస్తా జిల్లాల భోజనంలో పప్పు, కూర, పచ్చడి అయ్యాక, పెరుగుకు ముందు చారు వడ్డిస్తారు. అప్పడం, గుమ్మడి వడియం, ఊరమిరపకాయ, బంగాళాదుంప లేదా అరటికాయ వేపుడు దీనికి నంజుళ్లు. ముద్దపప్పు అన్నంలో చారు పోసుకుని కలుపుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. మాంసాహారులు పప్పుచారులోకి ఆమ్లెట్టో, వేయించిన ఎండుచేపో పెట్టుకుంటారు.

చారును పులుసు నుంచి వేరు చేసేది చిక్కదనం. పులుసులో కూరగాయ ముక్కలు, బెల్లం ఉంటాయి, చిక్కబడడానికి కొందరు బియ్యప్పిండో శనగపిండో కలుపుతారు. చారు మాత్రం గరిటెతో పోస్తే నీళ్లలా జారాలి. కాచిన చారు కాసేపు కదపకుండా ఉంచితే పైన తేట, అడుగున మడ్డి ఏర్పడతాయి. తాగడానికి తేటను వంచుకుంటారు. అన్నంలోకి గరిటె అడుగుదాకా ముంచి, కలిపి పోస్తారు.

పసిపిల్లలకు అన్నం అలవాటు చేసేటప్పుడు మెత్తగా మెదిపిన అన్నంలో కారం తగ్గించిన చారు, నెయ్యి వేసి తినిపిస్తారు. బాలింతల పథ్యంలో వెల్లుల్లి, మిరియాలు ఎక్కువగా వేసిన చారు ఉంటుంది.

ముఖ్య దినుసులు

చింతపండు: చారుకు పులుపునిచ్చేది ఇందులోని టార్టారిక్ ఆమ్లం. మరిగించినా ఇది ఆవిరి కాదు. అందుకే ఎంతసేపు కాచినా పులుపు తగ్గదు, పచ్చి వాసన మాత్రమే పోతుంది. వేసవి ముందు వచ్చే కొత్త చింతపండు ఎర్రగా, పాతది నల్లగా ఉంటుంది. పాతది వేస్తే చారు రంగు ముదురుతుంది. ఏడాదికి సరిపడా కొన్న చింతపండును గింజ తీసి, ఉప్పు చల్లి జాడీలో దాచుకోవడం పాత పద్ధతి.

మిరియాలు, మిరపకాయ: మిరియం పడమటి కనుమల సొంత పంట. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ద్వారా భారతదేశానికి చేరింది. అంతకుముందు దక్షిణాది వంటల్లో ఘాటుకు మిరియాలే ప్రధాన ఆధారం. టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. కాబట్టి ఇవి రెండూ లేని మిరియాల చారును పాత పద్ధతికి దగ్గరగా ఉన్న రకంగా చెప్పుకోవచ్చు. మద్రాసులో ఉన్న ఆంగ్లేయులు తమిళుల మిరియాల నీళ్లకు మాంసం, కూరగాయలు చేర్చి మలిగటానీ అనే సూప్ తయారు చేయించుకున్నారు. అది బ్రిటన్ దాకా వెళ్లింది.

ఇంగువ: ఇరాన్, అఫ్గానిస్థాన్ ప్రాంతాల్లో పెరిగే ఒక మొక్క వేరు నుంచి కారే పాలు గడ్డకడితే వచ్చే బంక ఇది. దీని ఘాటు వాసనకు గంధక సమ్మేళనాలు కారణం. భారతదేశం చాలాకాలం ఇంగువను పూర్తిగా దిగుమతి చేసుకుంది. 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో సీఎస్ఐఆర్ సంస్థ ఆధ్వర్యంలో దీని సాగు మొదలైంది. బజారులో దొరికే ఇంగువ పొడిలో సాధారణంగా గోధుమపిండి గానీ వరిపిండి గానీ, బంక గానీ కలిసి ఉంటాయి. గోధుమ పడనివారు డబ్బా మీద వివరాలు చూసుకోవాలి.

కందిపప్పు: చారుకు కొంచెం ఒళ్లు రావడానికి ఉడికిన పప్పు మీద తేరిన నీటిని పోస్తారు. దీన్ని పప్పు కట్టు అంటారు. తెలంగాణలోని వికారాబాద్ జిల్లా తాండూరు కందులు ప్రసిద్ధం. వాటికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది.

పోపు: రాయలసీమలోనూ, కోస్తాలో చాలాచోట్లా తాలింపు అంటారు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుల వాసననిచ్చే పదార్థాలు నీటిలో కంటే నేతిలోనూ నూనెలోనూ బాగా దిగుతాయి. పోపును నీళ్లలో నేరుగా వేయకుండా విడిగా వేయించి కలపడం ఇందుకే.

పాత్రలు

చింతపండు పులుపు ఇత్తడి, రాగి, అల్యూమినియాలతో చర్య జరుపుతుంది. కళాయి పూయని ఇత్తడి గిన్నెలో కాచిన చారు చిలుమెక్కి కనరుతుంది. అందుకే పూర్వం గిన్నెలకు ఏటా రెండేటా కళాయి పోయించేవారు. చారు, పులుసుల కోసం ప్రత్యేకంగా రాచ్చిప్పలు వాడేవారు. మెత్తని రాతిని తొలిచి చేసిన ఈ పాత్ర పులుపుకు చలించదు. వేడిని ఎంతో సేపు పట్టి ఉంచుతుంది. పొయ్యి మీద నుంచి దింపాక కూడా లోపలి చారు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది కాబట్టి, రాచ్చిప్పలో చారును మామూలు గిన్నెలో కంటే కొంచెం ముందే దింపాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో స్టీలు గిన్నెలే వాడుతున్నారు.

తయారీ విధానం

నలుగురికి సరిపడే టమాటా చారుకు: నిమ్మకాయంత చింతపండు, పండిన టమాటాలు 2, నీళ్లు సుమారు లీటరు, మిరియాలు ఒక చెంచా, జీలకర్ర ఒక చెంచా, వెల్లుల్లి రెబ్బలు 5, పసుపు పావు చెంచా, సరిపడా ఉప్పు, రెండు రెమ్మల కరివేపాకు, గుప్పెడు కొత్తిమీర. పోపుకు రెండు చెంచాల నెయ్యి, అర చెంచా ఆవాలు, ఎండుమిర్చి 2, చిటికెడు ఇంగువ.

చింతపండును కడిగి, వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, పిసికి, పిప్పి తీసి వడగట్టాలి. గింజ ముక్కలు, ఇసుక ఉంటే అడుగున తేరుతాయి కాబట్టి చివరి బొట్టు దాకా వంచకూడదు. టమాటాలను చేత్తో చిదిమి పులుసులో కలిపి, మిగిలిన నీళ్లు, పసుపు, ఉప్పు, ఒక రెమ్మ కరివేపాకు వేసి పొయ్యి మీద పెట్టాలి. పచ్చివాసన పోయేదాకా, సుమారు పది నిమిషాలు మరగనివ్వాలి.

ఈలోగా మిరియాలు, జీలకర్ర రోట్లో బరకగా నలగ్గొట్టి, చివర వెల్లుల్లి పొట్టుతోనే వేసి ఒకటి రెండు పోట్లు వేయాలి. మిక్సీలో మెత్తగా పట్టిస్తే పొడి మొత్తం నీళ్లలో కలిసి చారు మడ్డిగా, మరీ ఘాటుగా తయారవుతుంది.

మరిగిన పులుసులో ఈ ముద్ద వేసి సెగ తగ్గించాలి. ఇక్కడి నుంచి గిన్నె దగ్గరే నిలబడాలి. ముందు గిన్నె అంచుల వెంట సన్నని నురగ కడుతుంది. అది మెల్లగా మధ్యకు జరిగి, పైనంతా మూసుకుని, ఒక్కసారిగా పైకి లేవబోతుంది. ఆ పొంగు లేచిన క్షణమే దింపేయాలి. మిరియం, జీలకర్ర, వెల్లుల్లి వాసనలు తేలికగా ఆవిరితో పోయేవి. పొంగు దాటి తెర్లనిస్తే వీధిలోకి ఘుమఘుమలు వస్తాయి గానీ గిన్నెలో చేదు, ఘాటు మిగులుతాయి. చింతపండుకు ఎక్కువ మరుగు కావాలి, దంచిన ముద్దకు మరుగు పనికిరాదు. రెంటినీ మొదట్లోనే కలిపి కాచకపోవడానికి కారణం ఇదే.

నేతిలో ఆవాలు చిటపటలాడాక ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేసి, ఆ పోపును చారులో కలిపి, కొత్తిమీర చల్లి వెంటనే మూతపెట్టాలి. పది నిమిషాలు ఆగి వడ్డిస్తే రుచులు ఒకదానికొకటి పడతాయి.

పులుపు ఎక్కువైతే చిన్న బెల్లం ముక్కో, పప్పు కట్టో కలపాలి. తక్కువైతే దింపాక నిమ్మరసం పిండవచ్చు. ఉప్పు ఎక్కువైతే వేడినీళ్లు, కాస్త కాచిన చింతపండు పులుసు చేర్చాలి. చింతపండు దొరకని విదేశాల్లో సీసాల్లో అమ్మే చింతపండు గుజ్జు వాడతారు. అది చాలా గాఢంగా, నల్లగా ఉంటుంది కాబట్టి ఒక చెంచాతో మొదలుపెట్టి రుచి చూసి పెంచుకోవాలి.

రకాలు

మిరియాల చారు: టమాటా వేయరు, మిరియాలు రెట్టింపు చేస్తారు. జలుబు, జ్వరాలప్పుడు కాస్తారు.

పప్పుచారు: ఉడికించి మెదిపిన కందిపప్పులో చింతపండు పులుసు, ఉల్లిపాయలు, ములక్కాడ, సొరకాయ, బెండకాయ వంటి ముక్కలు వేసి కాస్తారు. సాంబారుకు ధనియాలు, శనగపప్పు, కొబ్బరి వేయించి చేసిన పొడి కావాలి. పప్పుచారుకు అది అక్కర్లేదు.

కట్టు చారు: బొబ్బట్లకు శనగపప్పు ఉడికించి వార్చిన నీళ్లతో చేసేది. రాయలసీమలో ఓళిగలు, తెలంగాణలో భక్ష్యాలు లేదా పోలెలు చేసిన పండగ రోజు ఇదే చారు. పూర్ణం తీపికి దీని పులుపు, కారం విరుగుడుగా పనిచేస్తాయి.

ఉలవచారు: కృష్ణా, గుంటూరు ప్రాంతాలు దీనికి పేరుపడ్డాయి. కాడెద్దులకు దాణాగా ఉలవలు ఉడకబెట్టి, గింజలు పశువులకు పెట్టి, మిగిలిన కట్టుతో చారు కాచేవారు. పావుకిలో ఉలవలు రాత్రంతా నానబెట్టి, రెండు లీటర్ల నీళ్లలో మెత్తగా ఉడికించి వడగట్టాలి. ఆ కట్టులో చింతపండు గుజ్జు, ఉప్పు, కారం, వేయించిన ఉల్లిపాయలు వేసి, చిన్న సెగ మీద చిక్కబడేదాకా మరిగించి పోపు పెట్టాలి. పేరుకు చారే అయినా ఇది మాత్రం గరిటెకు అంటుకునేంత చిక్కగా ఉంటుంది. వెన్న లేదా మీగడతో తింటారు. వడగట్టిన ఉలవలు గుగ్గిళ్లకు పనికొస్తాయి. ఉలవ దక్షిణ భారతదేశపు అతి పాత పంటల్లో ఒకటి. బళ్లారి దగ్గరి సంగనకల్లు వంటి నవీన శిలాయుగపు ఊళ్ల తవ్వకాల్లో మాడిన ఉలవ గింజలు దొరికాయి. ఇటీవలి కాలంలో హోటళ్లు ఉలవచారు బిర్యానీని ప్రచారంలోకి తెచ్చాయి. 2014లో ఆ పేరుతోనే ప్రకాశ్ రాజ్ దర్శకత్వంలో తెలుగు సినిమా వచ్చింది.

పచ్చిపులుసు: తెలంగాణ ఇళ్లలో వేసవి వంటకం. అసలు కాచరు. సెగ మీద కాల్చిన పచ్చిమిరపకాయలను ఉప్పు, జీలకర్ర, ఉల్లిపాయ ముక్కలతో చేత్తో నలిపి, పలుచని చింతపండు నీళ్లలో కలిపి, కొత్తిమీర వేసి పోపు పెడతారు. కొందరు వేయించిన నువ్వుల పొడి చెంచాడు కలుపుతారు. ముద్దపప్పుతోనూ, కిచిడీతోనూ తింటారు. హైదరాబాదులో కిచిడీ, ఖీమా పక్కన వడ్డించే ఖట్టా దీనికి దగ్గరగా ఉంటుంది.

నిమ్మకాయ చారు: పప్పు కట్టును అల్లం, పచ్చిమిర్చితో కాచి, దింపాకే నిమ్మరసం పిండుతారు. పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది.

మజ్జిగ చారు: పసుపు, ఉప్పు కలిపిన మజ్జిగలో అల్లం, పచ్చిమిర్చి, పోపు వేస్తారు. మరిగిస్తే మజ్జిగ విరుగుతుంది కాబట్టి పొయ్యి మీద పెట్టరు.

వేపపువ్వు చారు: ఉగాది రోజుల్లో రాలిన వేపపువ్వును ఎండబెట్టి దాచుకుని, నేతిలో వేయించి చారులో చివర వేస్తారు. తమిళనాడు సరిహద్దు జిల్లాల్లో ఎక్కువ.

బొక్కల చారు: తెలంగాణలో మేక లేదా గొర్రె ఎముకలను అల్లం వెల్లుల్లి, మిరియాలతో చాలాసేపు ఉడికించి చేసే మాంసాహార రకం.

చారు పొడి

రోజూ దంచే తీరిక లేనివారు పొడి చేసి పెట్టుకుంటారు. ఒక కప్పు ధనియాలకు పావు కప్పు కందిపప్పు, రెండేసి పెద్ద చెంచాల మిరియాలు, జీలకర్ర, ఆరేడు ఎండుమిరపకాయలు చొప్పున విడివిడిగా నూనె లేకుండా వేయించి, చల్లారాక బరకగా పట్టాలి. తడి తగలని సీసాలో నెలా రెండు నెలలు వాసన నిలుస్తుంది. పొడిని కూడా చివరి పొంగుకు ముందే వేయాలి.

ఆరోగ్యం

జ్వరం, విరేచనాలు తగ్గి కోలుకుంటున్నవారికి చారు ద్వారా నీళ్లు, ఉప్పు అందుతాయి. వేడి ఆవిరి, మిరియపు ఘాటు మూసుకున్న ముక్కుకు కాసేపు ఉపశమనమిస్తాయి. పులుపు నోరూరించి ఆకలి పుట్టిస్తుంది. అంతమాత్రాన ఇది మందు కాదు. పప్పు వేయని చారులో మాంసకృత్తులు చాలా తక్కువ. వరసగా రోజుల తరబడి చారన్నమే పెడితే రోగికి బలం రాదు కాబట్టి పప్పు, గుడ్డు, పెరుగుల్లో ఏదో ఒకటి తోడు కావాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు, కడుపులో పుండ్లు, మంట ఉన్నవారు పులుపు, మిరియాలు తగ్గించి కాచుకోవాలి.

నిల్వ

చారు ఉదయం కాస్తే రాత్రి దాకా బాగుంటుంది. పప్పు కలిసినవి ఎండాకాలంలో త్వరగా పులిసిపోతాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు కూడా మరిగించకుండా పొంగు దగ్గరే ఆపి, కొత్తగా కాస్త పోపు, కొత్తిమీర వేస్తే పోయిన వాసన తిరిగి వస్తుంది. ఉలవచారు మాత్రం చిక్కగా కాగి ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది. మర్నాటికి దాని రుచి పెరుగుతుందని తినేవారి మాట.