పింజారి యను మాట

దూదిని ఏకి జీవించువారు గనుక వారికి దూదేకులవారని పేరు. ఏకుట యనగా చిక్కుపడిన పింజలను విడదీయుట. పింజారి యను మాటయు ఆ పని నుండియే పుట్టినది. తెలంగాణములో వీరిని లద్దాఫులందురు. దూదేకువానికి అరబ్బీలో గల ‘నద్దాఫ్’ అను పదమే జనుల నోట నలిగి ఇట్లు మారినది. నూర్‌బాషా లనియు వీరికి పేరు కలదు.

సికింద్రాబాదు 1806లో సికందర్ జా పేర వెలసిన దండు పట్టణము. ఇట్టి చోట్ల పరుపులకు, దిండ్లకు ఎప్పుడును గిరాకియే. పూర్వము దూదేకులవారు భుజమున పెద్ద విల్లు వేసికొని వీధుల వెంట తిరిగెడివారు. ప్రేగుతో చేసిన నారిని దూదికుప్పలో నుంచి కొయ్యగుబ్బతో కొట్టినచో, ఆ అదురునకు గడ్డకట్టిన దూది పింజపింజగా విడిపోవును. దుమ్మును నలుసును రాలిపోవును. దెబ్బ మితిమీరిన పోగు తెగును, చాలనిచో గడ్డ విడదు. ఇది చేతికి పట్టుబడవలసిన విద్య. కొందరు నవారు నేయుట, త్రాళ్లు పేనుట కూడ చేసెడివారు.

వీరి మతము ఇస్లాము, ఇంటిభాష తెలుగు. వివాహమునకు నికా చదివింతురు. వధువు మెడలో నల్లపూసలు కట్టుదురు. హుస్సేనయ్య, మస్తానమ్మ, సైదులు మున్నగునవి వీరి పేళ్లు. పీర్లపండుగ వీరికి ముఖ్యము. వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడైన సిద్దయ్య దూదేకులవాడే యని ప్రసిద్ధి. కోస్తా జిల్లాలలో కొన్ని కుటుంబములవారు తరతరములుగా నాదస్వరము నభ్యసించి దేవాలయములలో మంగళవాద్యము వాయించుచున్నారు.

ఇంత కలసిమెలసి యున్నను, ఉర్దూ రాదని ముస్లిములలో కొందరును, మతము వేరని హిందువులలో కొందరును వీరిని ఎడముగానే చూచిరి. అంతకంటె బాధాకరమైనది మరియొకటి కలదు. పింజారి యను వృత్తినామమును మన వాడుకలో తిట్టుగా మార్చితిమి. బడిలో ఆ మాట విన్న దూదేకుల పిల్లవాడు తన తాత పనిని చెప్పుకొనుటకే సిగ్గుపడును.

ఏకుడు యంత్రములు వచ్చిన పిమ్మట విల్లు మూలపడినది. మిల్లు పరుపులు, నురుగు పరుపులు మిగిలిన పనిని కూడ తగ్గించినవి. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెనుకబడిన తరగతుల జాబితాలో వీరిని ‘బి’ వర్గమున చేర్చినది. దానివలన చదువులకు, ఉద్యోగములకు కొంత దారి ఏర్పడినది.

ప్రభుత్వము చేయగలిగినది అది. మాటను మాన్పవలసినవారము మాత్రము మనమే. ఆ తిట్టు నోటికి వచ్చినపుడు, మన తాతముత్తాతల తలక్రింద మెత్తని దిండు నుంచిన చేతులెవ్వరివో ఒక్కసారి తలచుకొనిన చాలును.