ఔననలేదు, కాదనలేదు

చెప్పులు గరాజ్‌లోనే వదిలి ఇటునుంచి రండి. ముందు తలుపు దగ్గర ముగ్గు ఇంకా తడారలేదు, తొక్కేస్తారు. 2023 డిసెంబరు మధ్యలో ఒక శనివారం. ఊరు టెక్సస్‌లో ఫ్రిస్కో. ధనుర్మాసం మొదలైంది కాబట్టి పొయ్యి మీద కట్టెపొంగలి, పక్కన చిన్న మూకుట్లో నెయ్యి, మిరియాలు, జీడిపప్పు. బయట బెర్ముడా గడ్డి చలికి ఎండి గోధుమరంగుకు తిరిగింది. టైము పదకొండు దాటింది. పొంగలి దించి చాలాసేపయింది గానీ ఎవరూ గిన్నె మూత తీయలేదు.

మెట్ల మధ్యలో నాన్న కూర్చున్నాడు. పైకి వెళ్లడానికి అనుమతి లేదు, కిందికి రావడానికి మనసొప్పడం లేదు. చేతిలో ఫోనుంది గానీ తెర ఆరిపోయే ఉంది. వంటింటి గట్టు మీద పంచదార డబ్బాకు ఆనించిన ఇంకో ఫోనులో తెనాలి నుంచి అమ్మమ్మ. అక్కడ రాత్రి పదకొండు కావస్తోంది. ఆవిడ తొమ్మిదింటికే పడుకునే మనిషి.

మిమ్మల్ని ఎవరూ ఆపరు, పైకి వెళ్లండి. అమ్మాయి నేల మీద, మంచానికి వీపు ఆనించి కూర్చుంది. ఒళ్లో ల్యాప్‌టాప్. పన్నెండో తరగతి. నవంబరు 1 గడువుకు ఎంఐటీకి ఎర్లీ యాక్షన్ కింద దరఖాస్తు పెట్టింది. ఆ ఫలితం ఇవాళ పోర్టల్‌లో పెడతారు. హుడీ తాడు కొన పంటి కింద ఉంది. పేజీ తెరుచుకుంది. ఆమె కళ్లు మొదటి వాక్యం మీద ఆగలేదు, జారి రెండో పేరాకు వెళ్లాయి, కిందిదాకా వెళ్లి మళ్లీ పైకొచ్చాయి. కంగ్రాట్యులేషన్స్ లేదు. సారీ కూడా లేదు. దరఖాస్తును రెగ్యులర్ వాళ్లతో కలిపి మళ్లీ చూస్తారట, మార్చిలో చెబుతారట. తాడు నోట్లోంచి తీసి, తలుపు తెరవకుండానే అరిచింది:

"డిఫర్డ్!"

మెట్ల మీద నాన్న లేచి నిలబడ్డాడు. లేచాక ఏం చేయాలో తెలియలేదు. వచ్చిందంటే రెండేసి మెట్లెక్కి పరిగెత్తేవాడు. రాలేదంటే మెల్లగా వెళ్లి పక్కన కూర్చునేవాడు. ఆ రెంటికీ మనసులో వారం నుంచి సిద్ధమై ఉన్నాడు. దీనికి ఎలా మెట్లెక్కాలి?

వంటింట్లో అమ్మను అమ్మమ్మ అడుగుతోంది. "వచ్చిందా?"

"రాలేదమ్మా."

"పోయిందా?"

"పోనూ లేదు."

"మరేమంటారే వాళ్లు?"

"మార్చిలో చెబుతారట."

అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. "సరే, పిల్లని పొంగలి తినమను, చల్లారిపోతుంది" అని ఫోను పెట్టేసింది. ఆ రోజంతా ఆ ఇంటికి అందిన సలహాల్లో వెంటనే పనికొచ్చింది అదొక్కటే.

తిన్నారు. తింటూండగా నాన్న నోటి వెంట ఆ ప్రశ్న రానే వచ్చింది: "ఎంతలో తప్పింది?"

ఆయన్ని ఏమీ అనకండి. ఎంసెట్ ఫలితాలను పేపర్లో హాల్‌టికెట్ నంబర్ల వరసలో వెతుక్కున్న తరం. నంబరుంటే ఉంది, లేకపోతే లేదు. ఉన్నాక ర్యాంకు, ర్యాంకును బట్టి కాలేజీ. పక్కింటివాడికి ఎందుకొచ్చిందో తనకెందుకు రాలేదో ఒక్క అంకెతో తేలిపోయేది. ఆ లెక్కలో క్రూరత్వం ఉంది గానీ దాపరికం లేదు. ఇక్కడ కటాఫ్ లేదు, ర్యాంకు లేదు, ఎంతలో తప్పిందో ఎవరూ చెప్పరు. అసలు తప్పిందని కూడా అనలేదు.

సాయంత్రానికల్లా డైనింగ్ టేబుల్ మీద కాగితం, పెన్ను. ఆ ఏడాది ఎంఐటీకి ఎర్లీలో 12,563 మంది దరఖాస్తు పెట్టారు. తీసుకున్నది 661 మందిని. దాదాపు 8,000 మందిని డిఫర్ చేశారు. అంటే ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఇద్దరు. నాన్న ఈ లెక్క వేసి కూతురి వైపు తిప్పాడు. ఆమె చూసి, "అంటే నేను స్పెషల్ కాదన్నమాట" అంది. "అంటే నువ్వొక్కదానివే కాదన్నమాట" అన్నాడాయన. ఒకే అంకె, ఇద్దరూ చెరోలా చదివారు. ఇద్దరిదీ తప్పు కాదు.

అన్నిచోట్లా ఇదే తీరు అనుకోకండి. అదే ఏడాది యేల్‌కు ఎర్లీలో పెట్టింది 7,856 మంది. తీసుకున్నది సుమారు 9 శాతం, డిఫర్ చేసింది 20 శాతం, మిగతా 70 శాతానికి అప్పుడే కాదని చెప్పేశారు. స్టాన్‌ఫర్డ్ కొద్దిమందినే ఆపుతుంది. జార్జ్‌టౌన్ ఎర్లీ యాక్షన్‌లో కాదనడమే ఉండేది కాదు, తీసుకోని ప్రతివాణ్నీ వసంతం దాకా ఆపేవారు. కాబట్టి "డిఫర్ అయిందా? అయితే హోప్ ఉంది" అనే ఆంటీ, "అంటే రిజెక్టేలే" అనే అంకుల్, ఇద్దరూ ముందు ఏ కాలేజీ అని అడగాలి. అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇంతమందిని ఎందుకు ఆపుతారంటే కారణం చాలా మామూలుది. డిసెంబరులో కూర్చున్న కమిటీకి జనవరిలో ఎవరొస్తారో తెలియదు. ఎంఐటీకి ఆ ఏడాది మొత్తం దరఖాస్తులు 28 వేలు దాటాయి. సగానికి పైగా మొహాలు చూడకుండా సీట్లన్నీ పంచేయలేరు, బాగున్న పిల్లను వదులుకోనూలేరు. వాళ్ల వైపునుంచి చూస్తే ఇది తెలివైన పనే. పదిహేడేళ్ల పిల్ల వైపునుంచి చూస్తే మూడు నెలలు.

ఫోన్లు మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి బాబాయ్. ఆయన కొడుకు మొన్న జులైలోనే ఐఐటీ సీట్ల జోసా కౌన్సెలింగ్‌లో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్‌ల మధ్య నలిగి బయటపడ్డాడు. "ఓస్, ఇంతేనా తల్లీ, ఫ్లోట్ పెట్టుకున్నట్టన్నమాట!" అన్నాడు.

"ఫ్లోట్‌లో చేతిలో ఒక సీటుంటుంది కదా బాబాయ్. నాకు సీటు లేదు, ఫ్లోట్ ఒక్కటే ఉంది."

స్పీకర్‌లో బాబాయ్ నవ్వాడు. పొద్దుట్నుంచి మొదటిసారి అమ్మాయి కూడా నవ్వింది.

తర్వాత ఎడిసన్ నుంచి మావయ్య. ఆయన దగ్గర సుప్రీంకోర్టు ఉంది. హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని జూన్‌లో తీర్పొచ్చింది కదా, ఇంక మనవాళ్లకి అడ్డేముంది అని ఆయన వాదన. తీర్పు వచ్చిన మాట నిజమే. కానీ ఆ పూట అమ్మాయికి తెలిసిందేమిటంటే, "అయినా నీకు రాలేదా" అన్న మాటకు ఇదో కొత్త దారి. గ్లాసుతో మంచినీళ్లు తీసుకుని పైకి వెళ్లిపోయింది.

రాత్రికి పాట్‌లక్ ఉంది. మానేద్దామా అన్నాడు నాన్న. వద్దంది అమ్మ. "అడిగితే డిఫర్ అయిందని చెప్పేద్దాం. దాచడం మొదలుపెడితే మార్చి దాకా దాచాలి. నావల్ల కాదు." ఇలాంటి విషయాల్లో అమ్మ లెక్క నాన్న కాగితం కంటే నయం.

పాట్‌లక్‌లో హాలంతా పెద్దవాళ్లు, మేడమీద గేమ్‌రూమ్‌లో పిల్లలు. హాల్లో సంభాషణ చక్రంలా తిరిగి తిరిగి ప్రతి పది నిమిషాలకూ కాలేజీల దగ్గర ఆగుతోంది. గేమ్‌రూమ్‌లో నలుగురు సీనియర్లున్నారు. ఒకడికి ఆ వారమే ఈస్ట్ కోస్ట్‌లో పెద్ద కాలేజీలో సీటొచ్చింది. ఆ కాలేజీ హుడీ కారులోనే విప్పేసి వచ్చాడని వాడి చెల్లెలు చెప్పేసింది. వాడు చెల్లెల్ని కసిరి, అమ్మాయి చేతికి కంట్రోలర్ ఇచ్చి, "నీ టర్న్" అన్నాడు. పది దాకా ఆడారు.

మర్నాటికి ఒక కన్సల్టెంట్ సలహా తయారు: వెంటనే ఎర్లీ డెసిషన్ రెండో విడత పెట్టేయండి, వాండర్‌బిల్ట్‌కో షికాగోకో. గడువు జనవరి మొదట్లోనే. వీలుంది కూడా, ఎందుకంటే ఎంఐటీ ఎర్లీ యాక్షన్‌లో కట్టుబడి ఉండాల్సిన పని లేదు. (ఒకచోట ఎర్లీ డెసిషన్ పెట్టి డిఫర్ అయినవాళ్లకు కూడా ఆ కట్టుబాటు అక్కడితో తెగిపోతుంది. ఇది తెలియక ఊరికే కూర్చునేవాళ్లున్నారు.) కానీ ఈ రెండో విడతలో సీటొస్తే వెళ్లి తీరాలి. పిల్ల, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూలు కౌన్సెలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. ఏడాదికి ఖర్చు 80 వేల డాలర్ల పైమాటే, ఇంకోచోట ఎంత సాయం ఇస్తారో పోల్చి చూసుకునే వీలుండదు. నాన్న ఊగాడు. అమ్మాయి ఊగలేదు.

"కోపంలో సంతకం పెట్టను నాన్నా. నాకు షికాగో ఇష్టమైతే నవంబరులోనే పెట్టేదాన్ని కదా."

నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో అసలైన ఫలితం వచ్చింది ఆ నిమిషంలోనే.

అయితే అంత గట్టిగా మాట్లాడిన పిల్ల రెండ్రోజుల తర్వాత రాత్రి ఒంటిగంటకు ఏం చేస్తోందో చూడండి. స్కూలుకు సెలవులిచ్చేశారు. కౌన్సెలర్‌కు మెయిల్ పెడితే జనవరిలో వస్తానని ఆటో రిప్లై. మిగిలిన కాలేజీల ఎస్సేలు రాయాలి, చాలావాటికి గడువు జనవరి 1. ఆ ట్యాబులన్నీ తెరిచే ఉన్నాయి. కానీ ఆమె చూస్తున్నది వాటిని కాదు, ఎంఐటీకి ఎప్పుడో పంపేసిన ఎస్సేని. వాక్యం వాక్యం మీద కర్సరు పెట్టి, ఇక్కడా? ఇక్కడ వద్దనుకున్నారా? ఈ కామా దగ్గరా? మూడో పేరాలో ఒక మాట రెండుసార్లు పడింది. అది కనబడగానే దొరికిందన్నట్టు వెనక్కి వాలింది.

డిఫర్ అయిన ప్రతి పిల్లా చేసే పనే ఇది. ఎక్కడా రాసిపెట్టని తీర్పుకు కారణాలు వెతుకుతారు. దొరుకుతాయి కూడా. ఎవరి రాతలోనైనా వెతికితే దొరకనిదేముంది?

అమ్మ మంచినీళ్లకని లేచి, తలుపు కింద వెలుతురు చూసి లోపలికొచ్చింది. ఏమిటిదంది. అమ్మాయి ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. ఎస్సే వాళ్లింటి వెట్ గ్రైండర్ గురించి. ఇండియా నుంచి వచ్చేప్పుడు పెద్ద సూట్‌కేసులో చీరలు చుట్టి తెచ్చుకున్న టిల్టింగ్ గ్రైండర్. బెల్టు తెగిపోతే ఆ సైజు ఇక్కడెక్కడా దొరకలేదు. పిల్ల కొలతలు తీసి, దగ్గర సైజు బెల్టొకటి తెప్పించి, మోటారు బిగించే చోట రెండు కొత్త కన్నాలు వేసి, మోటారును కాస్త వెనక్కి జరిపి బిగించింది. మొదటిసారి మరీ బిగుతైపోయి మోటారు వేడెక్కి వాసనొచ్చింది. రెండోసారి కుదిరింది. అమ్మ నిలబడే చదివింది, పెదవులు కదుపుతూ. చివరిదాకా చదివి,

"ఇందులో తప్పేముందే? గ్రైండర్ ఇప్పటికీ తిరుగుతోందిగా" అంది.

"అమ్మా, పాయింట్ అది కాదు."

"నాకైతే అదే పాయింటు. రేపు గారెలకి నానబోశాను కూడా."

అమ్మాయి ఆ ట్యాబు మూసేసింది. ఏదో జ్ఞానోదయమై కాదు, నవ్వొచ్చి. ఆ రాత్రి ఇంకో కాలేజీ వాళ్ల 150 మాటల ఎస్సే సగం రాసి పడుకుంది. అలా రాత్రికి సగం, పొద్దున్న సగం. డిసెంబరు 31 రాత్రి టీవీలో కొత్త సంవత్సరపు బంతి దిగుతుంటే ఈమె కామన్ యాప్‌లో దరఖాస్తు ఫీజుకు కార్డు నంబరు కొడుతోంది. రసీదు మెయిల్ వచ్చాక కిందికొచ్చి కేకు తింది.

జనవరి త్వరగా గడిచిపోయింది. అప్పట్లో క్లాసులో పై ఆరు శాతంలో ఉన్న పిల్లలకు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో సీటు రాష్ట్ర చట్టప్రకారం ఖాయంగా ఉండేది, కాకపోతే కంప్యూటర్ సైన్సు ఖాయం కాదు. ఈమెకు యూనివర్సిటీ వచ్చింది, బ్రాంచి రావాలి. జార్జియా టెక్ జనవరి చివర్లో చెబుతుంది.   చేతిలో ఒకటి ఉన్నప్పటి నిద్ర వేరు.

తర్వాత ఫిబ్రవరి ఫారం. డిఫర్ అయిన పిల్లలు కొత్త మార్కులు, ఈ మధ్య జరిగిన సంగతులు ఎంఐటీకి చెప్పుకునే చోటు ఇదే. పేరు ఫిబ్రవరి అప్‌డేట్స్ అండ్ నోట్స్. వాళ్లు పొట్టిగా ఫన్ అంటారు. సరదా ఎవరికో మరి. నాన్న ఒక పేజీ జాబితా పట్టుకొచ్చాడు. అందులో చిన్నప్పటి స్పెల్లింగ్ బీ కూడా ఉంది. తన ఆఫీసులో ఒక వైస్ ప్రెసిడెంట్ చేత ఉత్తరం రాయిస్తానన్నాడు.

"ఆయనకి నేను తెలీదు నాన్నా."

"నేను తెలుసుగా."

"అప్లై చేసింది నువ్వు కాదుగా."

చివరికి వెళ్లినవి కొద్ది వాక్యాలు. మొదటి సెమిస్టర్ మార్కులు, అందులో ఒక బి ప్లస్‌తో సహా, పూతల్లేకుండా. రోబోటిక్స్ లీగ్ పోటీలో చేయి విరిగిన రోబోను ఎలా నిలబెట్టారో. ఇప్పటికీ రావాలనే ఉందని ఒక్క ముక్క. పంపమన్నచోట, పంపమన్నంత. మెయిల్ మీద మెయిల్ పెట్టినవాళ్లకు ఒరిగేదేమీ ఉండదని కౌన్సెలర్ కూడా అంది. స్కూలు తరఫున మిడ్-ఇయర్ రిపోర్టు ఆవిడే పంపింది.

ఇక మిగిలింది మార్చి 14. లెక్కల్లోని పై (π) విలువ సుమారు 3.14 కాబట్టి ఎంఐటీ వాళ్లు రెగ్యులర్ ఫలితాలను ఆ రోజే పెడతారు, అదీ సాయంత్రం 6:28కి, దానికి రెట్టింపు. ఫ్రిస్కోలో 5:28. ఆ ఏడాది గురువారం. భోజనాల దగ్గర నాన్న అడిగాడు, ఆ రోజు సెలవు పెట్టనా అని.

"వద్దు. నాకు ట్యూషన్ సెంటర్లో షిఫ్ట్ ఉంది, ఆరు దాకా. ఫోన్ లాకర్లో పెట్టాలి. ఇంటికొచ్చి చూస్తా."

"గంట లేటుగానా!"

"వాళ్లు మూడు నెలలు చేశారు, నేను గంట చేస్తా" అంది, గారె పెరుగులో ముంచుతూ.