బరంపురం నుంచి రంభ దాకా ఒక్కరోజు ప్రయాణం

చలికాలం సెలవులకి విశాఖ నుంచో హైదరాబాదు నుంచో చుట్టాలు వస్తే బరంపురం తెలుగు ఇళ్ళల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "ఇక్కడ చూడ్డానికి ఏముంది?" గోపాల్‌పూర్ సముద్రం చూపిస్తాం, పట్టుచీరల కొట్టుకి తీసుకెళ్తాం, మర్నాడు రైలెక్కించేస్తాం. ఈమధ్య మేము అలా చెయ్యడం మానేశాం. వచ్చినవాళ్ళని, మా పిల్లల్ని కలిపి కారెక్కించి గోపాల్‌పూర్, ఛత్రపురం, గంజాం మీదుగా రంభ దాకా తీసుకెళ్తున్నాం. పోనూ రానూ సుమారు 120 కిలోమీటర్లు. ఈ వరసలో చూస్తే, ఒడిశాలో ఇంతమంది తెలుగువాళ్ళం ఎందుకున్నామో పిల్లలకి విడిగా పాఠం చెప్పక్కర్లేదు.

పొద్దున్న ఆరింటికల్లా గోపాల్‌పూర్ చేరాలి. బరంపురం నుంచి 16 కిలోమీటర్లే. ఒడ్డున పాడుబడ్డ గోడలు కొన్ని కనిపిస్తాయి. అవి పాత రేవు నాటి గిడ్డంగులవి. ఇక్కణ్ణుంచి రంగూన్‌కి స్టీమర్లు వెళ్ళేవి. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి పొట్టకూటికి బయల్దేరిన కూలీలు గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడలెక్కి బర్మా పోయేవారు. మన పెద్దవాళ్ళు రంగూన్‌ని 'రంగం' అనేవారు. అక్కడివాళ్ళేమో మనవాళ్ళని 'కోరంగీలు' అన్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకుంది. ఓడల రాకపోకలు ఆగిపోయాయి, గోపాల్‌పూర్ రేవు పని కూడా అంతటితో పడిపోయింది. అడవులు, కొండలు దాటి నడిచి వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ గోడల దగ్గర ఫొటో దిగే ముందు ఈ సంగతి చెప్పండి.

అక్కడ టిఫిను కానిచ్చి 16వ నంబరు జాతీయ రహదారి మీదికొస్తే ఛత్రపురం వస్తుంది. పిల్లలు ఇక్కడ తప్పకుండా అడుగుతారు: బరంపురం అంత పెద్ద ఊరు కదా, జిల్లా కచేరీలు ఈ చిన్న ఊళ్ళో ఎందుకున్నాయి అని. జవాబు ఇంకాస్త ముందుకెళ్తే, గంజాం ఊళ్ళో దొరుకుతుంది.

జిల్లాకి పేరిచ్చిన గంజాం ఈరోజు రోడ్డు పక్కన చిన్న పట్టణం. ఒకప్పుడు ఈ ప్రాంతానికి అదే ముఖ్యపట్టణం. 1765లో మొగల్ ఫర్మానా, మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందం, వీటితో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే దొర ఇక్కడికి రెసిడెంటుగా వచ్చాడు. ఋషికుల్య నది ఒడ్డున ఉన్న పోటాగఢ్ కోట ఆయన కాలానిదే. 1815లో వచ్చిన విషజ్వరాలు ఊరిని ఊడ్చేశాయి. బతికినవాళ్ళు చెదిరిపోయారు, దొరలు కచేరీ ఎత్తేశారు. అది కొన్నాళ్ళు బరంపురం, కొన్నాళ్ళు శ్రీకాకుళం తిరిగి చివరికి ఛత్రపురంలో కుదురుకుంది. శ్రీకాకుళం, బరంపురం అప్పట్లో ఒకే జిల్లాలో రెండు ఊళ్ళు. ఉద్యోగానికి, కోర్టు పనికి, బియ్యం వ్యాపారానికి అటువాళ్ళు ఇటొచ్చి స్థిరపడడం వలస అనిపించుకునేది కాదు. మన రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1894లో పుట్టింది బరంపురంలోనే.

కోట నుంచి ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి వెళ్ళండి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఇసుక ఇది, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. రాత్రి పూట వెళ్తే టార్చిలైట్లు వెయ్యకండి, అటవీశాఖ వాళ్ళు చెప్పినట్టు వినండి. ఈ తీరంలో ఒడియావాళ్ళు 'నోళియా' అని పిలిచే మత్స్యకారులు ఇంట్లో మాట్లాడేది తెలుగే. పోడంపేట పేరులోనే పేట ఉంది. పాత పోడంపేటని సముద్రం కోసేస్తే జనం ఇళ్ళొదిలి వెనక్కి జరగాల్సొచ్చింది. మా పిల్లలు అక్కడ ఒక పెద్దాయనతో ఒడియాలో మాట మొదలెడితే ఆయన తెలుగులో బదులిచ్చాడు. ఆయన తెలుగు మా ఇంటి తెలుగుకన్నా చిక్కగా ఉంది.

రంభ వైపు సాగుతుంటే సముద్రం పక్కన పాలూరు వస్తుంది. రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ రాసిన 'పలూర' రేవు ఇదేనని చాలామంది అంటారు. పల్లు, ఊరు కలిసి పల్లూరు, సంస్కృతంలో చెబితే దంతపురం అని కొందరు పండితుల వాదం. దంతపురం మాదేనని శ్రీకాకుళం వాళ్ళూ అంటారు. తేల్చడం మన పని కాదు గానీ, కారులో అరగంట మంచి కాలక్షేపం.

మధ్యాహ్నానికి రంభ చేరితే ఎదురుగా చిలక సరస్సు, ఒడ్డున పాత రాజభవనం. 18వ శతాబ్దం చివర కంపెనీ అధికారి స్నాడ్‌గ్రాస్ కట్టించిన ఆ ఇల్లు తర్వాత ఖల్లికోట రాజులకి వచ్చింది. 1903లో ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలనే ఆలోచన ఇక్కడి సమావేశంలో బలపడింది. అదే ఏడాది డిసెంబరులో కటక్‌లో ఉత్కళ సమ్మిళని మొదటి సభ జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. బరంపురం ఇటు, ఇచ్ఛాపురం అటు పడ్డాయి. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ఇంకా 17 ఏళ్ళుంది.

మన ఇళ్ళల్లో ఈ కథ సగమే చెబుతాం, 1936లో మనకి జరిగిన అన్యాయంగా. రంభలో నిలబడి మిగతా సగం కూడా చెప్పాలని మా ఉద్దేశం. మద్రాసు పాలనలో గంజాం కచేరీల్లో తెలుగు పెత్తనం నడిచింది. తమ ఊళ్ళోనే తమ భాషకి చోటు లేదని ఒడియావాళ్ళు అర్జీలు పెట్టుకున్నారు. ఇవాళ మన పిల్లలకి తెలుగు బడి లేదని మనం పెట్టుకునే అర్జీ, వాళ్ళు ఆనాడు పెట్టుకున్నది దాదాపు ఒకటే. ఇది తెలిసిన పిల్లలు పక్కింటి ఒడియా స్నేహితులతో పోట్లాడరు, తెలుగు అడగడానికి మొహమాటపడరు కూడా.

ఇక ఏర్పాట్ల సంగతి. నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, చిలకలో వలస పక్షులుంటాయి. అక్టోబరులో పెట్టుకోవద్దు, 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. రంభలో పడవ ఎక్కాలంటే మూడింటిలోపే ఎక్కండి, ఎండ తగ్గాక గాలి పెరుగుతుంది. అశోకుడి శాసనం ఉన్న జౌగడని ఇందులో ఇరికించకండి, దానికి వేరే రోజు కావాలి. చీకటి పడకముందే హైవే ఎక్కితే రాత్రి భోజనానికి బరంపురం వచ్చేస్తారు. నానమ్మనో తాతయ్యనో ముందు సీట్లో కూర్చోబెట్టుకోండి. రంగం సంగతులు, పాత కచేరీల సంగతులు మా కంటే వాళ్ళే బాగా చెబుతారు.